ఓట్ల రోజున శెనక్కాయల బండ్లు

మా మామగారు అసెంబ్లీకి నిలబడుతున్న సంగతి ఇంట్లో అందరికంటే చివర తెలిసింది మా అత్తగారికి. అదీ వీధిలో దండోరా విని. చేతిలో చేట అలాగే పట్టుకుని నడవలోకి వచ్చి, "ఇదో, ఎలక్షన్లో నిలబడతాండావంట. కూర్చోని మిల్లు చూసుకుంటే కాదా?" అన్నారు.

"మద్రాసుకు పోతాండా" అన్నారు మామగారు, టికెట్టు అప్పుడే కొని జేబులో పెట్టుకున్నట్టు.

హిందూపురంలో మాది వేరుశెనగ మిల్లు. రైతుల దగ్గర కాయ కొని, పొట్టు తీయించి, కొంత నూనె ఆడించి, మిగిలిన గింజను రైల్లో మద్రాసుకు పంపేవాళ్ళం. పంపడమే కష్టం. గూడ్సు పెట్టెలు సమయానికి వచ్చేవి కావు. మూటలు స్టేషన్లో వానకు తడిసి, మొలకలెత్తి, అక్కడే చిన్న చేనులా తయారయ్యేవి. ఈ సంగతి చెప్పుకోవడానికి ఒకసారి మామగారు మద్రాసులో ఒక పెద్ద ఆఫీసుకు వెళ్తే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టి, రేపు రమ్మన్నారు. ఆ వరండా ఆయన మనసులోంచి పోలేదు. "ఒక్కసారన్నా లోపల కుర్చీలో కూర్చోని మా రైతుల మాట చెప్పల్ల" అనేవారు. అసెంబ్లీ సీటు ఆయనకు అందుకు కావాలి. ఎంతగా కావాలంటే, నిద్రలో కూడా "అధ్యక్షా" అంటున్నారని అత్తగారు నాతో చెప్పి నవ్వారు.

అప్పుడు దొరల పాలన, అసెంబ్లీ మద్రాసులో. ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాళ్ళకు, చదువొచ్చినవాళ్ళకు, ఇంకా అలాంటి కొందరికే. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె. చీటీ ఏ పెట్టెలో వేస్తే ఆ మనిషికి ఓటు. ఎదుటి పార్టీవాళ్ళది పసుపు పెట్టె. మామగారు ఏ పార్టీలోనూ లేరు. ఆయనకు ఎర్రపెట్టె వచ్చింది.

కాలేజీలో చదివాను గనక ఆడవాళ్ళతో మాట్లాడే పని నాకు అప్పగించారు. అప్పటికి మా పెద్దపిల్లకు ఇంకా కూర్చోవడం రాదు. దాన్ని వదిలి వెళ్ళలేను, తీసుకువెళ్ళడానికి ధైర్యం చాలదు. కాచిన నీళ్ళు, రెండు దుప్పట్లు, దోమతెర, వాము, జ్వరం చూసే గొట్టం అన్నీ కారులో సర్దాను. అత్తగారు చూసి, "నువ్వు ఓట్లకు పోతాండావా, కాశీకి పోతాండావా?" అన్నారు. ఊళ్ళలో ఆడవాళ్ళకు నా మాటలకంటే నా బిడ్డ మీదే మక్కువ. ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకునేవాళ్ళు. ఎవరైనా దగ్గితే చాలు, నా ప్రసంగం మధ్యలో ఆగిపోయేది.

ధర్మవరంలో నేతగాళ్ళ వీధికి మామగారే వచ్చారు. పట్టు గురించి, నూలు గురించి నాలుగు మాటలు చెప్పమని దారి పొడుగునా మా ఆయన బతిమాలుతూనే ఉన్నారు. మామగారు పట్టుతోనే మొదలుపెట్టారు. కానీ రెండో మాటకే రైలు వచ్చింది, మూడో మాటకు గూడ్సు పెట్టె, ఆ వెనకే వేరుశెనగ. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నాడె ఆపి, "శెనక్కాయల్తో చీర నేసేదానికయితుందా సావుకారీ?" అంది. వీధి వీధంతా నవ్వింది. మామగారు కూడా నవ్వారు. "నేసేది మీరు, తినేది నేను" అన్నారు. దానికి అర్థమేమిటో మా ఎవరికీ తెలియలేదు. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

పెనుకొండ పక్క పల్లెల్లో, రొద్దం చుట్టుపక్కల సంగతి వేరు. అక్కడ ఆయన వేరుశెనగ ఎత్తితే జనం ఇంకా దగ్గరికి జరిగేవాళ్ళు. కొత్తకాయ వచ్చిన కాలం అది. వర్తకులందరూ తక్కువకు అడుగుతున్నారు. మామగారు అరుగు మీద నిలబడి ఓట్ల మాట మరిచిపోయి, "ఇప్పుడే అమ్మొద్దండప్పా. కాయ ఎండనీండి. మాఘంలో ధర ఎక్కుతాది, నా మాట నమ్మండి. అప్పుడు మా గేటు కాడికి తోలుకోని రండి. తెచ్చిన పొద్దే తూకం, ఆ పొద్దే దుడ్లు" అని చెప్పేవారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆయన తల పట్టుకున్నారు. "నాయనా, మనం కొనేవాళ్ళమా, అమ్మేవాళ్ళమా?"

"రైతు బాగుంటేనే గదరా మిల్లు" అన్నారు మామగారు. అంత బాగా మాట్లాడాను కదా అన్నట్టు మీసం సవరించుకున్నారు కూడా.

ఆయన చెప్పినట్టే అయింది. మాఘంలో ధర ఎక్కింది. సరిగ్గా ఓట్లకు ముందు రోజు బొంబాయి నుంచి తంతి వచ్చింది. ఆ వార్త పల్లెలకు మా కారుకంటే వేగంగా పోయింది.

ఓట్ల రోజు పొద్దున అత్తగారూ నేనూ ఊళ్ళో బడికి వెళ్ళి ఓటు వేసి వచ్చాం. ఇంటికి వచ్చి చూస్తే మిల్లు గేటు ముందు నుంచి రోడ్డు మలుపు దాకా బండ్లు. అన్నీ రొద్దం వైపువి. రాత్రంతా తోలుకొచ్చారు. ఆయన మాట నమ్మి కాయ దాచుకున్నవాళ్ళందరూ ఆయన మాట ప్రకారమే వచ్చేశారు. వాళ్ళు ఓటు వేయాల్సింది రొద్దంలో. ఆయన్ను నమ్మనివాళ్ళు కాయ ఎప్పుడో అమ్మేసి, తీరిగ్గా ఇంట్లో ఉండి, నడుచుకుంటూ పోయి పసుపు పెట్టెలో ఓటు వేస్తున్నారు.

మామగారు గేటు బయటికి వచ్చి ఆ బండ్లను మలుపు దాకా చూశారు. తర్వాత, "ఏమప్పా, ఈ పొద్దు ఓట్లు గదా?" అన్నారు.

ముందు బండిలోని ముసలి రైతు తలపాగా సవరించుకుని, "అందుకే వస్తిమి సావుకారీ. ఓట్ల పొద్దు ఎవరూ తూకంలో మోసం చెయ్యరు" అన్నాడు.

"మూటలు ఈడ దించి, మా మిల్లు లారీ ఎక్కి పోయి ఓటేసి రాండప్పా. వచ్చినాక తూకం చూస్తురు."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "చూడకుండా ఎట్ల పోదుము? నీ మీద నమ్మకం లేక కాదు సావుకారీ. నీ కాటా మీద."

మా ఆయన నాయన్ను పక్కకు పిలిచారు. "గేటు మూసేద్దాం నాయనా. రేపు రమ్మంటే వాళ్ళే లారీ ఎక్కుతారు. ఈ ఒక్కపొద్దు."

మామగారు రోడ్డు వైపు చూశారు. ఆయన కళ్ళలో ఆ మద్రాసు వరండా నాకు కనిపించినట్టే ఉంది. గేటు మూస్తారనే అనుకున్నాను. మూయాలనే కోరుకున్నాను కూడా. "తెచ్చిన పొద్దే తూకమని ఊరూరా చెప్తి గదరా" అన్నారు చివరికి. కోటు విప్పి మా ఆయన చేతికిచ్చి, కాటా దగ్గరికి నడిచారు.

గుమాస్తాలందరూ ఓట్ల పని మీద ఊళ్ళకు పోయారు. తూకం చీటీలు రాసేవాళ్ళు లేక నన్ను కూర్చోబెట్టారు. గోడౌన్లో రెండు స్తంభాలకు గోనెపట్టా కట్టి, అందులో పాత చీర పరిచి పిల్లను పడుకోబెట్టాను. ఆ దుమ్ముకు దానికి ఏమవుతుందోనని ప్రతి చీటీకీ ఒకసారి లేచి చూసేదాన్ని. అది హాయిగా నిద్రపోయింది. తుమ్మినదల్లా నేనే.

మామగారు ఒక పక్క తూస్తూ, ఒక పక్క, "అయిపాయె, నువ్వు ఎక్కు లారీ, నువ్వూ ఎక్కబ్బా" అని తరుముతూనే ఉన్నారు. తూకం అయినవాళ్ళు దుడ్లు నడుముకు కట్టుకున్నారు గానీ లారీ ఎక్కలేదు. పక్కింటివాడి బండి ఇంకా తూయలేదని ఒకడు, ఎద్దులకు నీళ్ళు పెట్టాలని ఇంకొకడు. ఎట్లాగో ఒక లారీ నిండి బయల్దేరింది. ఆ లారీవాళ్ళు మాత్రం సమయానికి చేరి ఎర్రపెట్టెలో ఓటు వేశారని తర్వాత తెలిసింది. రెండో లారీ నిండేసరికి పొద్దు వాలింది.

చివరి బండి తూసిన తర్వాత ఒక రైతు తీరిగ్గా బీడీ ముట్టించి, "ఇంగ చెప్పు సావుకారీ, ఓటు యాడ వెయ్యల్ల?" అన్నాడు.

"అయిపాయెనప్పా" అన్నారు మామగారు.

"అయ్యో. రేపు లేదా?"

ఫలితం తెలిసిన రోజు ఆయన అనంతపురం నుంచి సాయంత్రం రైల్లో వచ్చారు. ఓడిపోయామని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, చెప్పులు విడిచిన తీరులోనే తెలిసింది. ఓడింది కొద్ది ఓట్లతోనే అని మా ఆయన అన్నప్పుడు మాత్రం, "ఊరుకో" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు భోజనం దగ్గర రైలు మాట ఎత్తలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవారు. ఆయన అలా ఉంటే నాకు పిల్లకు జ్వరం వచ్చినప్పటికంటే ఎక్కువ భయం వేసేది.

కొన్నాళ్ళకు రొద్దం నుంచి కొందరు పెద్దలు ఆయన్ను ఓదార్చడానికి వచ్చారు. వచ్చి ఓదార్చలేదు, తగాదా పెట్టుకున్నారు.

"తప్పంతా నీదే సావుకారీ" అన్నాడు ఆనాటి ముసలి రైతు. "ముందే అమ్మమనింటే అమ్మేస్తుంటిమి. ఆ పొద్దు ఊర్లోనే ఉంటుంటిమి. ఓటేస్తుంటిమి."

"ముందే అమ్మింటే ఆ ధర వస్తుండెనా నీకు?"

"యాడొస్తుండె?"

"మరి?"

ముసలాయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అట్లయితే ఇంగొకసారి నిలబడు. ఈసారి విత్తనం వేసే కాలంలో ఓట్లు పెట్టమని దొరలకు చెప్పు. అప్పుడు అమ్మేదానికి మా కాడ ఏమీ ఉండదు."

మామగారు ముందు గంభీరంగానే విన్నారు. తర్వాత భుజాలు కదిలాయి. ఫలితం వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకు ఒళ్ళో ఉన్న పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. దాన్ని అందుకోవడానికి నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి, "చూడమ్మా, వీళ్ళు నన్ను మళ్ళీ ఓడించేదానికి వచ్చినారు" అంటూ కళ్ళు తుడుచుకుంటున్నారు.