గులాబీ రంగు గోలు

చేతగాని ఆటగాడి వల్ల జట్టు ఓడిపోవడంలో వింతేమీ లేదు. కానీ ఆట మొదలవకముందే, పెరట్లో గొంతుక్కూర్చుని, ఎంతో ప్రేమగా తన జట్టును ముంచే ఏర్పాట్లన్నీ స్వహస్తాలతో చేసుకున్న ఆటగాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఎలా ముంచానో చెబుతాను, వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు ఊరు ఊరంతా నవ్విన నవ్వు విన్నవాణ్ణి, మీ నవ్వు నన్నేం చేస్తుంది?

యాభైల తొలినాళ్లు. చోడవరం హైస్కూల్లో ఫిఫ్తు ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి, చదువుతున్నాను. అప్పట్లో చెరుకుగడకి నిక్కరు తొడిగినట్టుండేవాణ్ణి. నాకు ఫుట్‌బాలంటే ప్రాణం. ఫుట్‌బాలుకి మాత్రం నేనంటే గిట్టేది కాదు. గోలువైపు తన్నితే కంచె దాటి చెరుకు తోటలో పడేది. దాన్ని వెతికి తేవడంలో మాత్రం బడి మొత్తానికి నాకు సాటి లేదు. ఆ రోజుల్లో బంతి తోలుది. లోపల బ్లాడరు, పైన బూటుకున్నట్టే లేసు. సైకిలు షాపుకి పట్టుకెళ్లి గాలి కొట్టించేవాళ్లం. లేసున్న వైపు తలతో కొడితే నుదుటి మీద అచ్చు దిగేది, ఆ రోజుకి వేరే బొట్టు అక్కర్లేదు. ఇక బూట్లంటారా, అవి బొమ్మల్లోనే చూశాం.

ఏటా మాడుగుల జట్టుతో మ్యాచీ ఉండేది. ఏటా మేమే ఓడేవాళ్లం. ఆ ఏడు ఆట మా ఊళ్లో. పైగా మా కెప్టెన్ సూరిబాబు మంచి ఊపు మీదున్నాడు. పొద్దున్నే చెరుకు బండి తోలి, ఆ తర్వాత బడికొచ్చే రైతుబిడ్డ. వాడు బంతితో పరిగెడుతుంటే ఎదురు నిలబడాలంటే ఎవరికైనా ఇంట్లోవాళ్లు గుర్తొచ్చేవారు. ఈసారి గెలుపు మనదేనని బజార్లో బెల్లం వర్తకులు కూడా అనుకున్నారు.

ఒక్కటే చిక్కు. రెండు జట్లవీ తెల్ల బనీన్లే. ఎవరెవరో తెలియక రిఫరీకి తల తిరిగిపోయేది. మా డ్రిల్లు మేస్టారు రామ్మూర్తిగారు రంగు బనీన్లు కొనిపించమని హెడ్మాస్టరుగారిని అడిగితే, "ఆడేది కాళ్లతోనా, బనీన్లతోనా?" అన్నారట.

అప్పుడు నాలోని మేధావి మేలుకున్నాడు.

"మేస్టారూ, మన బనీన్లకి నేను ఎర్ర రంగేసి తెస్తానండి" అన్నాను.

"నీకొచ్చేట్రా రంగెయ్యడం?"

"మా అమ్మ పాత చీరలకి ఏస్తాదండి. నాకు బాగా తెలుసండి."

నాకు బాగా తెలిసిందల్లా అమ్మ రంగు వేస్తుందన్న సంగతి. ఎలా వేస్తుందన్నది కాదు. ఆ తేడా అప్పుడు నాకంత పెద్దదిగా కనబడలేదు.

మేస్టారు నా మొహంలోకి చూశారు. పిల్లల్ని కాచి వడబోసిన మనిషి. "సరే, మరి నీకేటి కావాలి?" అన్నారు.

"టీములో చోటండి."

సూరిబాబు గుండె పట్టుకున్నాడు. "ఈడాండి? ఈడు బంతి తన్నితే పైన గెద్దలు సెదిరిపోతాయండి!"

"బ్యాక్‌లో నిలబెడదాంలేరా. ఒరే సత్తిబాబూ, నువ్వు పెద్దగా తన్నక్కర్లేదు. ఎదరొచ్చినోడికి అడ్డంగా నిలబడు. బంతి నీ కాళ్ల దగ్గరకొస్తే బేగి మనోళ్లకిచ్చీ. అంతే" అన్నారు మేస్టారు.

అలా జట్టులో చేరాను. ఆటతో కాదు, చాకిరేవుతో.

అమ్మకి చెబితే తిడుతుందని భయం. ఆవిడ పక్కింటికి వెళ్లేదాకా ఆగి, బజారు నుంచి తెచ్చిన ఎర్ర రంగు పొట్లాలన్నీ గేదెకి కుడితి పెట్టే గోలెంలో పోసి, నూతిలోంచి చన్నీళ్లు తోడి పోసి, బనీన్లన్నీ ముంచాను. మందారపువ్వుల్లా తేలాయి. అంత అందం చూశాక ఇంకా ఏదో చెయ్యాలన్న అనుమానం ఎవడికొస్తుంది చెప్పండి?

అమ్మ తిరిగొచ్చి పెరట్లోంచి కేకేసింది.

"ఒరే సత్తీ! గేదె మూతి ఎర్రగా ఉందేట్రా?"

"ఏమోనమ్మా, తాంబూలం ఏసుకుందేమో!"

చీపురు తీసుకుని వెంటపడింది. ఆ రోజు పరిగెత్తినట్టు మైదానంలో పరిగెత్తి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

మ్యాచీ రోజు వచ్చింది. ఊరంతా మైదానం చుట్టూ చేరింది. మేం ఎర్ర బనీన్లతో వరస కట్టి దిగుతుంటే రామ్మూర్తి మేస్టారి కళ్లు చెమర్చాయి. "మదరాసు టీములా ఉన్నార్రా!" అన్నారు. అదే సమయానికి సన్నగా తుంపర మొదలైంది. గంజిపెట్టిన తెల్ల లాల్చీలో హెడ్మాస్టరుగారు వచ్చి, ఒక్కొక్కడి వీపూ తట్టి, "శభాష్" అంటూ వెళ్లి, మొహం మీద చినుకుల్ని అరచేత్తో తుడుచుకున్నారు. రెండు బుగ్గలూ ఎర్రబడ్డాయి. ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆట అయ్యేదాకా ఆయన అలాగే, కొత్త పెళ్లికూతురిలా, కుర్చీలో గంభీరంగా కూర్చున్నారు.

కాసేపటికి తుంపర కాస్తా వానైంది. మా బనీన్ల లోంచి ఎర్రటి ధారలు తొడల మీదుగా, మోకాళ్ల మీదుగా పాదాలకి దిగాయి. మమ్మల్ని ఢీకొట్టిన మాడుగుల కుర్రాళ్ల తెల్ల బనీన్లకీ ఆ ఎరుపు అంటుకుంది. గట్టు మీద నిలబడ్డ ఓ ముసలాయన గుండెలు బాదుకున్నాడు.

"ఓలమ్మో, నెత్తురు! కుర్రగుంటల్ని సంపేస్తన్నార్రా!"

మాడుగుల మేస్టారు గొడుగు పారేసి మైదానంలోకి పరిగెత్తుకొచ్చి, తన కుర్రాణ్ణొకణ్ణి పట్టుకుని ఒళ్లంతా తడిమారు.

"ఎక్కడ్రా దెబ్బ?"

"దెబ్బేటండి? నాకేటీ నొప్పి లేదండి."

"అంత నెత్తురు పోయినాక నొప్పేటి తెలుస్తాదిరా! పడుకో! కదలకు!"

వాణ్ణి బలవంతంగా బురదలో పడుకోబెట్టారు. అప్పుడు రామ్మూర్తి మేస్టారు వేలితో కాస్త ఎరుపు తీసి, వాసన చూసి, "నెత్తురు కాదండి బాబూ, రంగండి" అన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఒరే, మరగబెట్టేవా?"

"దేన్నండీ?"

మరగబెట్టకపోతే రంగు నిలవదని నాకప్పుడు తెలిసింది. ఆయన టోపీ తీసి నెత్తి మీద వాన పడనిచ్చారు.

ఆట మళ్లీ మొదలైంది. మా ఎరుపు వెలిసి గులాబీ అయింది. వాళ్ల తెలుపు మా ఎరుపు తాగి గులాబీ అయింది. మొహాలకి బురద. ఇక మైదానం నిండా ఒకే తల్లి పిల్లల్లా గులాబీ రంగు కుర్రాళ్లే. బంతి దొరికినవాడు ఇవ్వడానికి ముందు విచారణ మొదలుపెట్టేవాడు.

"ఒరే, నువ్వెవలు?"

"ముందు నువ్వు సెప్పు!"

ఈలోగా మూడోవాడు వచ్చి బంతి పట్టుకుపోయేవాడు.

ఎంతసేపాడినా ఒక్క గోలూ పడలేదు. రిఫరీ గడియారం చూస్తున్నాడు. అప్పుడు, ఎవరు తన్నారో తెలియదు, బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా ముందున్న నీటిగుంటలో ఆగింది. ఎదురుగా గులాబీ బనీను, సూరిబాబంత భుజాలు, మొహం నిండా బురద.

"ఇటియ్యి! బేగి ఇటియ్యి!" అని అరిచాడు.

ఇచ్చాను. నా జీవితంలో నేను తన్నిన బంతి తిన్నగా వెళ్లింది ఆ ఒక్కసారే. వాడు దాన్ని ఒక్క తాపు తన్నాడు. రెండు వెదురుగడల మధ్యనుంచి దూసుకుపోయింది.

గోల్!

నేనందిస్తే గోలు పడింది! ఆ గడలు ఎవరివన్నది చూసేంత తీరిక నాకెక్కడిది? పరిగెత్తి వాణ్ణి కౌగిలించుకున్నాను. వాడూ నన్ను వాటేసుకున్నాడు. ఈల మోగింది, ఆట ముగిసింది. గులాబీ కుర్రాళ్లు గుంపుగా వచ్చి మా ఇద్దర్నీ భుజాల మీదికెత్తారు. పైనుంచి చూస్తే హెడ్మాస్టరుగారు కనబడ్డారు. వినయంగా నమస్కారం పెట్టాను. ఆయన రెండు చేతులా తల పట్టుకున్నారు. ఆనందం పట్టలేకపోతున్నారు కాబోలనుకున్నాను.

ఊరేగింపు సాగుతుంటే నన్ను మోస్తున్నవాడు తలెత్తి పలకరించాడు.

"నిన్ను మన బళ్లో ఎప్పుడూ సూడలేదే. ఏ ఫారం?"

"ఫిఫ్తు ఫారం."

"నేనూ అదేరా! అయితే మన కిట్టిగాడి తాపు సూసేవా?"

"కిట్టిగాడెవడు? కొట్టింది సూరిబాబు కదా?"

వాడు టక్కున ఆగిపోయాడు. "సూరిబాబెవలు?"

అప్పటికి ఒక బస్సు పక్కకి చేరాం. వెనక మైదానంలోంచి, వాన హోరును చీల్చుకుంటూ, రామ్మూర్తి మేస్టారి గొంతు వినబడింది.

"ఒరే ఎర్రోడా, దిగరా! అది మాడుగుల బస్సు!"

వాళ్లు నన్ను కింద పడెయ్యలేదు. పాపం, మర్యాదగానే దించారు. కిట్టిగాడు పడీపడీ నవ్వి, "మల్లీ ఏడు కూడా ఆడు బాబూ, మాకు నువ్వే కావాల" అని చెయ్యి కలిపి బస్సెక్కాడు.

కాళ్లీడ్చుకుంటూ మైదానానికి తిరిగొచ్చాను. సూరిబాబు బురదలో ఒక్కడే కూర్చున్నాడు. నాలుగు తగిలిస్తాడనుకుని దగ్గరికెళ్లి నిలబడ్డాను. వాడు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. పెదవులు వణికాయి. ఏడుస్తాడనుకున్నాను. పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి నా చెయ్యి పట్టుకుని లేచాడు.

"ఓడిపోయి ఊరేగినోడివి నువ్వొక్కడివేరా సత్తిగా!"

ఇద్దరం భుజాల మీద చేతులేసుకుని వానలో ఇంటికి నడిచాం. ఆ తర్వాత ఎన్ని వానలు చూసినా ఆ సాయంత్రం వానంత చల్లగా ఏదీ కురవలేదు. ఇప్పుడు మేస్టారూ లేరు, సూరిబాబూ లేడు. కళ్లు మూసుకుంటే మాత్రం వాళ్ల నవ్వులు వినబడుతూనే ఉంటాయి.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట నన్నెవరు భుజాల మీదికెత్తుకోబోయినా, "బాబూ, మీదేవూరు?" అని అడిగి, జవాబు విన్నాకే కాలెత్తుతాను. ఇంతవరకూ మళ్లీ నన్నెవరూ ఎత్తుకోలేదు కనక, ప్రతిజ్ఞకి ఏ భంగమూ కలగలేదు.