మాస్టారి ఆదివారాలు

మొన్న మా పిన్ని మనవరాలు ఫోన్ చేసింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకోసం పెట్టిన ఏదో పథకంలో తనకు చోటు దొరికిందట, మూడు నెలలు వెంట ఉండి నేర్పే ఆవిడకు కూడా ఆ సంస్థవాళ్ళే డబ్బిస్తారట. నేర్పేవాళ్ళకు కూడానా అని రెండుసార్లు అడిగాను. ఆ పిల్లకు నవ్వొచ్చింది గానీ, నాకు చోడవరంలో మా పిన్ని నడిపిన టైపు ఇన్‌స్టిట్యూటూ, తొంభైల చివర్లోని ఆదివారాలూ కళ్ళముందు మెదిలాయి.

టైపు హయ్యర్ పాసై నేను పిన్ని దగ్గరే పాఠాలు చెప్పేదాన్ని. మీకూ జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. పిన్ని ఒక పాత కంప్యూటరూ, గదంతా దద్దరిల్లేలా చప్పుడు చేసే ప్రింటరూ కొన్నది. వాటిని బిగించినాయనది అనకాపల్లిలో ఒక ముస్లిం కుటుంబం, విశాఖపట్నంలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం. మాకందరికీ మాస్టారు. ఆయన ఎక్కించిన సాఫ్ట్‌వేరు దేశదేశాలవాళ్ళు కలిసి రాసి, లోపలి ప్రోగ్రాము రాతతో సహా అందరికీ పంచిపెట్టినదని చెబితే, ఊరికే ఎందుకిస్తారని పిన్ని చాలారోజులు అనుమానపడింది.

దానిలో ఒక లోపం ఉండేది. పొడుగు కాగితం మీద చివరి వరుస అచ్చయ్యేది కాదు. మేం అచ్చువేసి ఇచ్చే చెరకు రైతుల అర్జీల్లో పేరూ ఊరూ ఉండేది ఆ వరుసలోనే. రావికమతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అర్జీ పేరు లేదని తిరిగొస్తే, ఆయన మమ్మల్ని ఒక్క మాటా అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండుననిపించింది. మాస్టారితో చెబితే, లోపలి రాత మీ ఎదురుగానే ఉంది కదా, మీరే దిద్దండి అన్నారు. అప్పటినుంచి ఆదివారం పూట బస్సులో వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని నేర్పేవారు. తప్పెక్కడుందో తనకు తెలిసినా, కీబోర్డు మీద చెయ్యి వెయ్యకుండా, నేను కనిపెట్టేదాకా ఓపిగ్గా కూర్చునేవారు.

అలా నాలుగైదు వారాలయ్యాక రావడం మానేశారు. తండ్రికి పక్షవాతం వచ్చిందని, ఆదివారాలు ఒక షాపులో పనికి ఒప్పుకున్నారని కబురొచ్చింది. నేను ఏడుస్తుంటే పిన్ని చూసింది. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని అనకాపల్లి బస్సెక్కింది. మాస్టారింట్లో వాళ్ళమ్మగారిచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, సూటిగా అడిగేసింది.

"ఆ షాపోడు ఇచ్చేది నేనిస్తాను బాబూ. మా గుంటకి నేర్పు."

"చదువు చెప్పి డబ్బులు తీసుకోడం బాగోదమ్మా," అన్నారాయన.

"ఊరికే ఎన్నాళ్ళొస్తావు? మీ నాన్నకి మందులెవులు కొంటారు? నేర్పడం పని కాదేటి?"

లోపలి గదిలోంచి వాళ్ళ నాన్నగారు ముద్దముద్దగా ఏదో అంటూ పిలిచారు. మాస్టారు వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, "ఆదివారం వస్తానమ్మా" అన్నారు.

నేను చేసిన సవరణను విశాఖపట్నం వెళ్ళి ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళకు పంపాం. దీంతో మామూలు కాగితం మీద అచ్చు చెడిపోతోందని ఎవరో ముఖం తెలియనాయన బారెడు జవాబు రాశారు. ఇక నా వల్ల కాదన్నాను. "ఇంత రాసేరంటే మీ పని పూర్తిగా చదివేరన్నమాటే కదండీ," అన్నారు మాస్టారు. మూడోసారి పంపినది వాళ్ళు తీసుకున్నారు. దానికి పనిచేసినవాళ్ళ జాబితాలో నా పేరు చూసి, పిన్ని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

హాల్లో మూడు టైపు మిషన్లు తగ్గిన సంగతి నేను అప్పుడు గానీ పట్టించుకోలేదు. రిపేరుకి ఇచ్చానన్నవాటిని అమ్మేసిందట. నిలదీస్తే, "వాటిమీద ఎవులు కూకుంటన్నారే ఇప్పుడు?" అని కొట్టిపారేసి, మాస్టారికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. పిన్ని పోయేదాకా నేను చెప్పలేదు. తర్వాత ఫోన్లో చెబితే, ఏయే మిషన్లు అమ్మిందో ఆయన ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు.

మనవరాలికి నేర్పే ఆవిడది ఏ ఊరో దానికి తెలియదట, తెరమీద మాట్లాడుకుంటే చాలట. నేర్పడమూ పనేనని ఇన్నాళ్ళకు ఎవరో ఒప్పుకుని విలువ కడుతున్నారు, ఎవరి ఇంట్లోనూ ఏదీ అమ్ముకోనక్కర్లేదు. సంతోషమే. అయినా, తన గురువుగారి ఇంట్లో ఒక్కసారైనా కూర్చుని టీ తాగకుండానే దాని చదువు పూర్తయిపోతుందే అనిపించింది, చెబితే నవ్వుతుందని చెప్పలేదు.