పదకొండు ఇంచుల కుళ్లు

మా యారాలు ట్యాబ్ కొన్న రోజు నాకు అన్నం సయించలేదు. యారాలంటే మా మరిది భార్య. గద్వాలలో మా రెండిళ్లూ ఒకే సందులో ఎదురెదురుగా ఉంటాయి. మా ఇంట్లో రెండు మగ్గాలు, వాళ్లింట్లో రెండు. మగవాళ్లు నేస్తారు, మేమిద్దరం ఫోన్లో ఫోటోలు పంపి చీరలు అమ్ముతాం. అన్నీ సమానంగా ఉన్నంతకాలం నేను చాలా మంచిదాన్నే.

ఆమె కొన్నది ఎనిమిదిన్నర ఇంచులది, పదకొండు వేలు. ఇంటికొచ్చిన వాళ్లకు అరుగు మీద కూర్చుని, ఒళ్లో ఆ ట్యాబ్ పెట్టుకుని, ఒక్కో చీరనూ వేలితో జరుపుతూ చూపించేది. వాళ్లు తలలు కలిపి వంగి చూసేవాళ్లు. కిటికీలోంచి చూస్తున్న నాకు కడుపు మండేది. దాచుకోవడం దేనికి, మండేది.

ఆమె ధరూర్ వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చింది. వాళ్లది పత్తి, వేరుశనగ పండించే ఇల్లు, మగ్గం ముఖం చూసిన పిల్ల కాదు. ఎర్రగా ఉన్నవన్నీ ఆమెకు ఎరుపే. వంటింట్లో కూర్చోబెట్టి, పండు మిరపకాయ వేరు, దానిమ్మ గింజ వేరు, టమాట వేరు అని ఒక్కోటి చీర మీద పెట్టి నేర్పింది నేనే. అలాంటి పిల్ల ఇప్పుడు నాకంటే ముందు ట్యాబ్ కొంటుందా అన్నది నా బాధ.

బాధ అంతటితో ఆగితే బాగుండేది. నాగర్‌కర్నూల్‌లో ఒక టీచరమ్మ ఉంది. తొమ్మిదేళ్లుగా నా దగ్గరే కొంటుంది, మరో గడప తొక్కలేదు. ఆమె కూతురి పెళ్లి కుదిరింది, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలతో కలిపి పద్నాలుగు కావాలి. ఆ కబురు ఫోన్లో చెబుతూ చివర్న, "మీ చెల్లె ఫోటోలు గూడ చూస్తున్న అక్కా, మంచిగ తీస్తుంది" అంది. ఆ ఒక్క మాట నాకు రెండు రోజులు అరగలేదు. టీచరమ్మ చేజారితే సందులో తలెత్తుకుని నడవలేననిపించింది.

మా ఆయనకు చెప్పాను, నాకూ ట్యాబ్ కావాలని. ఆయన మగ్గం మీద నుంచి తల తిప్పకుండా, "ఫోన్ ఉన్నది గదా, అదేమన్న గుడ్డిదయ్యిందా" అన్నాడు. ఆయనకేం తెలుసు. గద్వాలలో కొంటే నేను ఇల్లు చేరకముందే ఆమెకు తెలిసిపోతుందని, వనపర్తి బస్సెక్కాను. సంచిలో వంకాయ రంగు చీర ఒకటి పెట్టుకున్నాను. ఏది కొన్నా ముందు దాని ముఖాన చీర పెట్టి చూడాలని నా ఆలోచన. ఆలోచన మంచిదే.

దుకాణపాయన గడ్డం నెరిసిన మనిషి, ఓపికస్తుడు. మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది అచ్చం మా యారాలిదే. దాన్ని చూడగానే పక్కకు నెట్టాను. రెండోది పదకొండు ఇంచులు, పదహారు వేల ఐదొందలు. బ్యాటరీ పెద్దది, నాలుగు స్పీకర్లు, సిమ్ కూడా వేసుకోవచ్చు. మూడోది పాతిక వేలు, పెన్నుతో వస్తుంది, దాంతో రాసుకోవచ్చట. నాకు రాసుకునే పనేముంది. ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అని ఆయన చెబుతుంటే తలాడించాను కానీ, నేను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎనిమిదిన్నర దానికంటే ఇది ఎంత పెద్దగ కనవడ్తది?"

"చానా పెద్దగనే అమ్మా. కానీ మీకు దేనికోసం?"

చీర తీసి బల్ల మీద పరిచాను. మూడింటితోనూ ఫోటో తీయించాను. మొదటిదాంట్లో చీర కాస్త మాసినట్టు వచ్చింది. రెండోదాంట్లో ధగధగలాడింది. జరీ అయితే నిప్పు కణికలే. నా చీర ఇంత అందంగా ఉంటుందని నాకే తెలియదు.

ఆయన ఫోటోను చూశాడు, చీరను చూశాడు. "జర ఆలోచించుకోండ్రి అమ్మా. ట్యాబులల్ల కెమెరా అంతంతే ఉంటది. ఇవి చూస్తందుకు మంచివి, తీస్తందుకు కావు. రంగులు గూడ మారుతయి" అన్నాడు. అమ్ముకునేవాడు వద్దని చెబితే ఎవరైనా వినాలి. నా చెవుల్లో మాత్రం పదకొండు ఇంచులు తప్ప ఏదీ దూరలేదు. పదహారు వేల ఐదొందలు ఇచ్చి, ఆకుపచ్చ కవరు ఊరికే వేయించుకుని బయటపడ్డాను.

గద్వాలలో బస్సు దిగి, ట్యాబ్‌ను సంచిలోంచి తీసి చేత్తో పట్టుకుని సందులోకి నడిచాను. యారాలు అరుగు మీదే ఉంది. "అబ్బ, ఎంత పెద్దగున్నదక్కా, సినిమా చూడొచ్చు" అంది సంతోషంగా. కుళ్లుకుంటుందని చూస్తే సంతోషపడింది, నా ఖర్చంతా వృథా అయినట్టనిపించింది. ఆమె అప్పుడే ఒక చీర ఫోటో తీస్తోంది. కొంగు మీద ఒక వంకాయ పెట్టింది.

"చీరలమ్ముతున్నవా, కూరగాయలా?" అన్నాను.

నవ్వి ఫోటో తీసుకుంది. పట్నం వాళ్లను చూసి నేర్చిన ఫ్యాషన్ కాబోలనుకున్నాను. ఆమె ఫోటోలన్నిట్లో ఏదో ఒకటి ఉండేది, పసుపు కొమ్మో, తమలపాకో, పండు మిరపకాయో.

నేను అదే సాయంత్రం వంకాయ రంగు చీర ఫోటో టీచరమ్మకు పంపాను. "అబ్బ, ఏం నీలమక్కా, మా బిడ్డకు నచ్చింది, పంపుండ్రి" అని వెంటనే జవాబు. నీలమనే మాట చదివి కూడా నేను ఆగలేదు. నచ్చింది, అంతవరకే చదివాను. మర్నాడు పార్సిల్ చేశాను. నాలుగో రోజు ఆమె ఫోన్ వచ్చింది.

"అక్కా, ఫోటోల నీలముండె, వచ్చింది వంకాయ రంగు. మా బిడ్డ వద్దంటుంది. వాపస్ పంపుతున్న, ఏమనుకోకుండ్రి."

ఏమీ అనుకోనన్నాను. ఆమె ఇంకా చెప్పింది, మెత్తగానే. పద్నాలుగూ మా యారాలి దగ్గరే చూస్తానంది. ఎందుకని అడగకుండా ఉండలేకపోయాను.

"ఆమె ఫోటోల పక్కకు వంకాయ ఉంటది గదక్కా. మా ఇంట్ల వంకాయ తెచ్చి ఫోన్ పక్కకు పెట్టుకుంట. ఫోటోల ఎంత తేడా వచ్చిందో తెలిసిపోతది. చీర గూడ అంతే తేడా అని సమజైతది."

ఫోన్ పెట్టేసి తిన్నగా ఎదురింటికి వెళ్లాను. ఈ తెలివి ఎవరు నేర్పారని అడిగాను, కొంచెం గట్టిగానే. ఆమె వింతగా చూసింది.

"నువ్వే గదక్కా. రంగుకు పేరు చెప్తే ఎవ్వరికి ఎరుక గాదు, వస్తువు చూపెట్టు అంటివి. నేను వచ్చిన కొత్తల."

నిజమే, ఆ మాట నేనే అన్నాను. పదహారు వేల ఐదొందలు పోసి నేను కొనాలని తిరిగింది, ఆమెకు నేను ఊరికే ఇచ్చేసిన తెలివినే. ఇంటికొచ్చి నా ట్యాబ్‌తో వంకాయనొక్కదాన్నే ఫోటో తీశాను. నీలంగా వచ్చింది. ఆ దుకాణపాయన ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది.

రెండు రోజుల తర్వాత ఆమె కొత్త చీర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పుడే మగ్గం మీద నుంచి దింపారు. "అక్కా, దీని పక్కకు ఏం పెట్టాలె? గులాబీ గాదు, నారింజ గాదు, నాకు సమజైతలేదు" అంది. చూడగానే నాకు తెలిసింది. బాగా పండిన ఎర్ర జాంపండు కోస్తే లోపల ఉండే రంగు. జాంపండ్లు పొద్దున్నే బండి మీద కొన్నాను, నా వెనక గంపలోనే ఉన్నాయి.

"తెల్వదు" అన్నాను.

"నీకు తెల్వని రంగు ఉంటదా అక్కా" అని చీర మడుచుకుని వెళ్లిపోయింది. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె రంగు అడిగితే నేను చెప్పకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం హాయిగా ఉంటుందనుకున్నాను, ఉండలేదు.

మర్నాడు టీచరమ్మ నాకు ఆ చీర ఫోటోనే పంపింది. పక్కన ఏ వస్తువూ లేదు. కింద ఇలా రాసింది: "పెండ్లిపిల్లకు ఇదే తీసుకుందామని అక్కా. మీ చెల్లెను అడిగితే, మా అక్కకే అంతు చిక్కలేదు, నేనేం చెప్పాలె అన్నది. మీరు కండ్లతోని చూసిన్రు గదా, ఏం రంగు?"

పాలిపోయిన గులాబీ అని టైప్ చేశాను. అది పంపితే చాలు, ఆ చీర అక్కడే ఆగిపోతుంది. నా పెద్ద తెర మీద ఆ రెండు మాటలు మరీ పెద్దగా కనిపించాయి. మనుషుల మీద నేను చాలా అబద్ధాలు ఆడాను, ఆడతాను కూడా. చీర రంగు మీద ఎప్పుడూ ఆడలేదు. చెరిపేశాను.

గంపలోంచి పండింది చూసి ఒకటి తీసి, రెండుగా కోసి, సందు దాటాను. ఆమె అరుగు మీద పరిచి ఉన్న చీర కొంగు మీద పండు కింద కనిపించనంత చిన్న కాగితం ముక్క వేసి, దానిపైన ఒక సగం పెట్టాను. ఏది పండో ఏది చీరో తెలియనట్టు కలిసిపోయింది. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నిన్న తెల్వదంటివి గదక్కా."

"నిన్న తెల్వదు, ఇయ్యాల తెలిసింది. ఫోటో తియ్యి."

ఆమె తన చిన్న ట్యాబ్‌తో తీసింది. టీచరమ్మ ఆ చీర తీసుకుంది, దాంతో పాటు మిగతా పదమూడూ అక్కడే తీసుకుంది. చేతిలో ఉన్న రెండో సగాన్ని నేను సందులో నడుస్తూ తినేశాను, ఆమెకు పెట్టలేదు.