రజియా తాళాల గుత్తి

భీమడోలు రైలుగేటు పక్కన బట్టలు కుట్టే రజియా కొంగుకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడేది. ఇంట్లో ఉన్నది ఒకటే తాళంకప్ప. మిగతా ఇనుమంతా కూతురు మహీన్ కోసం.

పదో తరగతి చదివే ఆ పిల్ల, రైలు ఉన్నట్టుండి కూత పెడితే చాలు, పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకునేది. మూర్ఛ అంది ఊరంతా. ఏలూరులో డాక్టరూ అదే అని మాత్రలు రాశాడు. మాత్రలు పెరిగాయి గానీ పడిపోవడం తగ్గలేదు. పిల్ల గుప్పెట్లో రజియా తాళాలు పెట్టగానే కళ్లు తెరిచేది. పెట్టకపోయినా తెరిచేదని ఆమెతో ఎవరు వాదిస్తారు? కాకి వాలింది, తాటిపండు పడింది. కన్నతల్లి కాకినే నమ్ముకుంది.

రెండువేల ఆరులో, ఏలూరు ఆసుపత్రి వరండాలో ఎవరో స్టీలు ట్రే జారవిడిచారు. ఆ చప్పుడుకి మహీన్ కూలిపోయింది. రజియా గబగబా కొంగుముడి విప్పుతోంది. నర్సు రాజకుమారి అడ్డొచ్చి, "తాళాలు తర్వాత పెడుదురు గానండీ, ముందు ఆ చెయ్యి ఇటివ్వండి" అని పిల్ల మణికట్టు పట్టుకుంది. నాడి లేదు. ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కసాగింది. పిల్ల ఊపిరి తీసుకునేదాకా రజియా ప్రాణం రజియాలో లేదు.

ఈసీజీ చూసిన గుండె డాక్టరు చెప్పాడు. "ఇది మూర్ఛ కాదమ్మా. ఉలిక్కిపడితే గుండె లయ తప్పుతోంది. మెదడుకి రక్తం అందక పిల్ల అలా కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. ఇది వంశంలో వచ్చే జబ్బు. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?"

"లేదండీ. మా తమ్ముడు షఫీ పోయాడు గానీ, కాలవలో మునిగిపోయాడండీ."

"ఈత రాదా?"

"ఎందుకు రాదండీ, చేపపిల్లండీ వాడు," అంటూనే రజియా ఆగిపోయింది.

ఆమెకూ ఈసీజీ తీశారు. అదే లోపం.

కొత్త మందులతో మహీన్ పడిపోవడం ఆగింది. మీ మనసు కుదుటపడాలని ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అసలు కష్టం ఈసీజీ తీసిన రోజు సాయంత్రం ఇంటి దగ్గర కూర్చుని ఉంది.

ఈతగాడు మునిగాడంటే తాగి దిగుంటాడని అప్పట్లో ఊరు తీర్పు చెప్పేసింది. రజియా తండ్రి అబ్దుల్ సలాం అదే నమ్మి, కొడుకు పేరు ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. ఊరి నోటికి మూకుడు లేదు సరే, తండ్రి చెవికైనా ఉండొద్దా అని నాకు ఒళ్లు మండేది.

"షఫీ తాగుండడు నాన్నా. నీళ్లలో గుండె ఆగుంటుందన్నారండీ డాక్టరు గారు" అంది రజియా.

ముసలాయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"నాకూ ఆ పరీక్ష చేయించమ్మా" అన్నాడు. "నేనిచ్చిన గుండెకి వాణ్ణి ఇన్నాళ్లూ తిట్టుకున్నానేమో."