నట్టల మందు డాక్టరమ్మ

గత సోమవారం ఉదయం పశువుల ఆసుపత్రి వరండాలో ఒక మేకకు కట్టు కడుతుండగా, డాక్టర్ వసుంధర గారు ఇక లేరన్న వార్త చెవినబడింది. నిద్రలోనే గుండె ఆగిందట. వానలు మొదలయ్యాయి, పల్లపు గడ్డిలోకి జీవాల్ని తోలనివ్వకండి అని ముందురోజే ఫోనులో నన్ను హెచ్చరించిన కంఠం ఇంత హఠాత్తుగా మూగబోతుందని ఎలా అనుకుంటాను?

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన తండ్రికి ఆమె ఏకైక సంతానం. పశువైద్యం చదివి, సింహాచలం కొండ దిగువ పల్లెల్లో గొర్రెల కాపరుల నడుమనే జీవితాన్ని ధన్యం చేసుకున్నారు. గొర్రెల కడుపున చేరి రక్తం పీల్చే నట్టలతోనే ఆమె పోరాటమంతా. అందుకే కాపరులు 'నట్టల మందు డాక్టరమ్మ' అనేవారు. బిరుదులెరుగని ఆమె ఆ ఒక్క పేరుకే మురిసిపోయేవారు. తండ్రి వదిలిన ముతక రెయిన్‌కోటు తొడుక్కుని, బెదిరిన గొర్రెపిల్లను మోకాళ్ల మధ్య ఒడిసిపట్టి, దాని చెవిలో ఏదో గొణుగుతూ మందు పట్టించే ఆ వాత్సల్యమూర్తి నా కళ్లముందే ఉన్నారు.

నేను ఆమె వద్ద జూనియర్ వైద్యుడిగా చేరిన ఏడాది వర్షాకాలంలో గౌరమ్మ మందకు కీడు మూడింది. భర్త పోయాక ఆ మందనే నమ్ముకుని బతుకుతున్న మనిషి గౌరమ్మ. గొర్రెలకు దవడల కింద నీరు దిగి సంచుల్లా వేలాడింది. రోజుకొకటి నేలకొరగసాగింది. డాక్టరమ్మ చెప్పినట్టే నెలనెలా అన్నిటికీ మందు పట్టించానని ఆమె వాపోయింది.

"మందు ఏత్తనే ఉన్నాను, జీవాలు సత్తనే ఉన్నాయి. నా సేతిలోనే ఏటో దోసం ఉందమ్మా."

వసుంధర గారు అప్పుడే చనిపోయిన గొర్రె కడుపు కోసి చూశారు. పొట్ట నిండా సన్నని ఎర్రదారాల్లా నట్టలు సజీవంగా మెసలుతున్నాయి. వారం క్రితం పట్టించిన మందు వాటిని ఏమీ చేయలేదు. ఏళ్ల తరబడి ఒకే మందు మంద మొత్తానికీ ఇప్పించడంతో, దానికి లొంగని నట్టలే మిగిలి వృద్ధి చెందాయి. ఆమె చేతులు కడుక్కుని, గౌరమ్మ పక్కన తడినేల మీదే కూర్చున్నారు.

"దోషం నీ చేతిలో లేదు గౌరమ్మా. నువ్వు నేను చెప్పినట్టే చేశావు. నేను చెప్పిందే తప్పు."

తిరుగుదారిలో, అలా ఒప్పుకుంటే మనపై నమ్మకం పోదా అని అడిగాను. "నమ్మకం పోతే మళ్లీ సంపాదించుకుందాం. ప్రాణం పోతే తేగలమా?" అన్నారు శాంతంగా.

మర్నాటి నుంచి వేరే మందు తీసుకుని ప్రతి వేకువా వెళ్లారు. కింది కనురెప్ప తిప్పి చూసి, రక్తం తగ్గి పాలిపోయిన వాటికే మందు పట్టించారు. ఈ మందుకూ నట్టలు మొండికేయకుండా, రెప్ప ఎర్రగా ఉన్నవాటిని వదిలేశారు. గౌరమ్మకూ ఆ పరీక్ష నేర్పారు. సగం మంద దక్కింది. దక్కని సగాన్ని వసుంధర గారు ఏనాడూ మరచిపోలేదు. కొత్తగా వచ్చిన ప్రతి వైద్యుడికీ తన విజయాలకంటే ముందు ఆ పొరపాటునే పాఠంగా చెప్పేవారు.

అంత్యక్రియలనాడు గౌరమ్మ వచ్చింది. చాలాసేపు ఆ పాదాల దగ్గరే కూర్చుంది. లేచి వెళ్లబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక మా జీవాలకి నువ్వే దిక్కు బాబూ. నీకు తెలీకపోతే తెలీదని సెప్పు. ఆయమ్మ అలాగే సెప్పీది."

సరేనని తల ఊపాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోగలిగితే అదే ఆ గురుమూర్తికి నా అంజలి. అంతటి విద్యలో అంతటి వినయాన్ని మాత్రం ఇక ఎవరిలో చూడగలను!