లావణ్య తలుపుకు వేపమండ

ఆ రోజు పొద్దున శ్రావ్య కళ్లు తెరవలేకపోయింది. రెప్పలు ఉబ్బిపోయి ఉన్నాయి. దోమ కుట్టిందేమో అనుకున్నాను. సాయంత్రానికి పాదాలు కూడా ఉబ్బి, పట్టీలు చర్మంలోకి దిగాయి. అప్పుడు పట్టుకున్న భయం నన్ను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

టెస్టులన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పారు. "నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీల్లోంచి ప్రొటీన్ లీకవుతోంది. స్టెరాయిడ్స్‌తో తగ్గుతుంది, కానీ మళ్లీ మళ్లీ రావచ్చు."

ఏడేళ్ల పిల్ల. రోజూ పొద్దున దాని మూత్రం గాజు గొట్టంలో పోసి స్టవ్ మీద వేడి చేయడం నా పని అయింది. తేటగా ఉంటే ఆ రోజు గండం గడిచినట్టు. పాలు విరిగినట్టు తెల్లబడితే ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

చికెన్‌పాక్స్ టీకా ఇంకా వేయించలేదు. ఇప్పుడు వేయిద్దామంటే వీల్లేదన్నారు. "అది లైవ్ వ్యాక్సిన్ అమ్మా, అందులో బతికున్న వైరస్ ఉంటుంది, ఈ స్టెరాయిడ్ డోసు మీద ఇవ్వలేం. కానీ చికెన్‌పాక్స్ వస్తే పాపకి చాలా డేంజర్. చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకుంటే అదే తనకి కాపలా."

మేముండేది తార్నాకలో. ఎండాకాలం దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో పిల్లలకు క్యాంపు పెడతారు. బొమ్మలు, కరాటే, స్కేటింగ్. శ్రావ్య పోతానని ఒకటే ఏడుపు. క్యాంపు సార్‌ని కలిసి సంగతి చెప్పాను. ఆయన మంచివారు, పిల్లలందరి టీకా కార్డులు చూపించాలని వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఇక చూడండి, గ్రూపు అట్టుడికిపోయింది. "బడిలనే అడగరు, గీ క్యాంపోళ్లు ఎవరు అడగనీకి?" అని ఒకరు. "సర్కారు టీకాల్లనే లేదు గది!" అని ఇంకొకరు. అందరికంటే గట్టిగా కొట్లాడింది మా పై అంతస్తు లావణ్య. ఆమె పెద్దకొడుక్కి పసితనంలో టీకా వేసిన రోజే ఫిట్స్ వచ్చాయి.

మెట్ల మీద పట్టుకుని అడిగాను. "అక్కా, నీ బిడ్డ మీద కోపం కాదు. సూది చూస్తెనే నా పానం పోతది. ఎవరో రూలు పెట్టిన్రని మా చిన్నోన్ని గా సూదికి ఇయ్యాల్నా?" అంది.

ఆ భయం నాకు తెలియనిదేం కాదు. అయినా ఒళ్లు మండింది. "నీ భయం నీది. మరి నా బిడ్డ ఏం గావాలె?" అన్నాను. ఆమె మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

సార్ రూలు వెనక్కి తీసుకున్నారు. నేను శ్రావ్య పేరు తీయించేశాను.

లావణ్యకు మనసు ఆగలేదేమో. చిన్నకొడుకు చింటూని రోజూ సాయంత్రం మా ఇంటికి పంపేది, క్యాంపులో నేర్పిన బొమ్మలు శ్రావ్యకు నేర్పమని. ఇద్దరూ ఒకే కాగితం మీద తలలు ఆనించి గీసేవాళ్లు. ఒక్క పిల్లాడే కదా అని నేనూ వద్దనలేదు. దానికి ఆ కాసేపే పండగ. నేనే అటుకులు వేయించి పెట్టేదాన్ని.

ఒకరోజు చింటూ రాలేదు. అడిగితే "జలుబు చేసింది" అంది లావణ్య. మర్నాడు మధ్యాహ్నం ఆమె అత్త మెట్ల మీద నిలబడి నన్ను పిలిచింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

"దగ్గరికి రాకు బిడ్డా. చింటూగానికి అమ్మవారు పోసింది. అమ్మవారున్న ఇంట్లకెల్లి ఇంకో ఇంటి గడప తొక్కొద్దు. తలుపుకు వేపమండ కడితె అందరికి ఎర్కయితది. నేను కట్టిన, కోడలు పీకి లోపల దాసింది. గ్రూపుల అందరు తననే అంటరని దాని భయం. నాకేమో నీ బిడ్డే కండ్ల ముంగట మెదుల్తున్నది. జల్ది దవాఖానకు పో."

 చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కాను.

"ఆ బాబు పక్కన కూర్చుని ఎన్ని రోజులైంది?" డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మొన్న, మేడమ్."

"అయితే టైముంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇద్దాం, జబ్బును అడ్డుకునే యాంటీబాడీలు అవి. రాదని చెప్పలేను. వచ్చినా ప్రాణం మీదికి రాకుండా చూద్దాం."

తర్వాత రోజులన్నీ దాని గౌను ఎత్తి వీపు చూడటంతోనే సరిపోయింది. చెమటకాయ కనిపించినా వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూసేదాన్ని. "మమ్మీ, చక్కిలిగిలి!" అని అది నవ్వేది. పూజగదిలోకి పోయి ఏడ్చేదాన్ని.

చివరికి పొక్కులు రానే వచ్చాయి. వెంటే జ్వరం. ఆ పొద్దునే గొట్టంలో మూత్రం తెల్లగా విరిగింది. అడ్మిట్ చేసి, వైరస్‌ని చంపే మందు ఎసైక్లోవిర్ డ్రిప్ పెట్టారు. దగ్గుతోందని ఎక్స్‌రే తీశారు. "లంగ్స్ క్లియర్" అనేదాకా గోడకు ఆనుకునే నిలబడ్డాను. పొక్కులు కొద్దిగానే వచ్చి మాడిపోయాయి. "ఆ రోజు మీరు వెంటనే రావడం మంచిదైందమ్మా" అన్నారు డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక లావణ్య వచ్చి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. చాన్నాళ్లు మాట్లాడలేదు కూడా.

ఇప్పుడు శ్రావ్యకు స్టెరాయిడ్ డోసు బాగా తగ్గింది. అయినా రోజూ పొద్దున గొట్టం వేడి చేయడం మానలేదు. ఈ ఎండాకాలం మళ్లీ క్యాంపు వచ్చింది, మళ్లీ కార్డుల గొడవ. లావణ్య ఇప్పటికీ వద్దనే అంటోంది. నేను కావాల్సిందే అంటున్నాను. ఇది మా మధ్య తెగేది కాదు.

తోటి తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. రూలు ఉన్నా లేకపోయినా, పిల్లకు జ్వరమో దద్దో కనిపించిన రోజే ఇరుగుపొరుగుకు చెప్పండి. ఎవరేమంటారోనని దాచకండి. మీ పిల్లకు అది నాలుగు రోజుల సెలవు కావచ్చు. నాలాంటి వాళ్ల పిల్లకు ఆ ఒక్క రోజే ప్రాణం.

మొన్న బట్టలు ఆరేయడానికి డాబా మీదికి పోతుంటే లావణ్య తలుపుకు పచ్చి వేపమండ కనిపించింది. చింటూకి ఉత్త జ్వరమేనట. అత్త ఊరికి పోయి నెల దాటింది. కట్టింది లావణ్యే.