గేటు దగ్గర జుంకాలు

కాకినాడ నుంచి ఇంటర్వ్యూకని రాయదుర్గం వచ్చాను. జుంకాలు ఊపుకుంటూ వెళితే, పేరంటానికొచ్చానని నవ్వుకుంటారేమోనని మెట్రోలోనే తీసి బ్యాగులో దాచేశాను. ఆఫీసు గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే సెక్యూరిటీ ఆవిడ వాటిని బయటికి తీసింది.

"ఇవి గిట్ల దాచినవేందమ్మా?"

"తల తిప్పితే ఊగుతున్నాయండి."

"ఊగేటందుకే కదా చేసిండ్రు! మస్తుగున్నయ్. బ్యాగుల పెడితే లోపలికి పోనియ్య. చెవులకు పెట్టుకో."

"అద్దం లేదండి."

ఆవిడ వెళ్లి, కార్ల అడుగున తనిఖీ చేసే పొడుగు కర్ర అద్దం తెచ్చి నా ముఖానికెదురుగా పట్టుకుంది. అది తెస్తున్నప్పుడు ఆవిడ యూనిఫాం ప్యాంటు కింద పట్టీలు గల్లుమన్నాయి. నేను జుంకాలు పెట్టుకునేదాకా వెనకాల వరుసలో ఉన్నవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు.

లోపల అడిగిన ప్రతి ప్రశ్నకూ కావాలనే తల ఊపుతూ జవాబు చెప్పాను.